ఎత్తు శ్రుతి

బాజాల వ్యాపారి రఘుపతి గంట టైమిచ్చి పోయాడు. నాలుగున్నరకు ఆటో తిరిగొస్తుంది. రెండు బాసు బాజాల్లో ఒకదాన్ని ఎక్కించుకుని సూర్యాపేట పోతుంది. ఏది పోవాలో, ఏది ఉండాలో నేను చెప్పాలి. గంట ఎందుకిచ్చాడు? సరుకు అమ్మేవాడు పక్కనుంచి కదలడు. వాల్వు నొక్కి చూపిస్తాడు, కండువాతో తుడుస్తాడు, మనిషిని ఆలోచించనివ్వడు. ఇతనేమో "నువ్వు నిమ్మళంగ వాయించి చూడు గోపన్నా, నేను చాయ్ తాగొస్త" అని పోయాడు. తిరుమలగిరి చౌరస్తాలో గంటసేపు తాగే చాయ్ ఎక్కడా దొరకదు. ఎవరితోనో మాట్లాడుతుంటాడు. భిక్షపతితోనే అయ్యుంటుంది. భిక్షపతి నా భార్య తమ్ముడు, మా బ్యాండుకు మాస్టరు, క్లారినెట్ వాయిస్తాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని నవ్వుకోవడం నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. చర్చి హాల్లో ఎవరూ లేరు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి గోడకు ఆనించారు. ఎల్లుండి ఆదివారానికి వాటిని పరుస్తారు. చర్చికి యాభై ఏళ్ళ పండుగ. ఆ రోజు నేను బాసు పట్టుకుని వెనక నిలబడతానో, ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంటానో ఈ గంటలో తేలాలి.

పాస్టరయ్య మాట మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్న మాటనే నేను ఎక్కువ అనుమానిస్తాను. క్రిస్మస్ నాడు కీబోర్డూ నా బాసూ కలవలేదు. పాట నడుమ పిల్లలు కూడా తలలు తిప్పి చూశారు. అయిపోయాక నన్ను పక్కకు పిలిచి, "గోపయ్యా, పండుగ నాటికి గీ బాసు కలవాలె. కలవకపోతే ఫికరేం లేదు, కీబోర్డులనే బాసు ఉంటది, గది నడుస్తది. నువ్వు పెద్దమనిషివి, ముందల కుర్చీల కూసో" అన్నాడు. నలభై ఏడేళ్ళు ఊదినవాడికి కుర్చీ చూపించాడు. కీబోర్డు వాయించేది మెర్సీ, భిక్షపతి బిడ్డ. నాకు కోడలి వరస. పక్క ఊరికి పంచాయతీ సెక్రటరీ. తండ్రి క్లారినెట్, బిడ్డ కీబోర్డు, ఆ కీబోర్డులోనే బాసు. ఇక నేనెందుకు? ఇది ఎక్కడ మొదలైందో కనుక్కోవడం కష్టం కాదు.

కొత్తది బల్ల మీద ఉంది. వెండి రంగు, నాలుగు వాల్వులు. పాతదాన్ని బయట మెట్ల మీద గోనెసంచి పరిచి ఎండలో పెట్టాను. పసుపు ఇత్తడి, మూడు వాల్వులు, మూతి అంచు నన్ను కన్న బాపు పెదవులకూ నా పెదవులకూ అరిగి పలచబడింది. మేము బాసు అంటాం. పుస్తకాల్లో ట్యూబా అని రాస్తారట, మెర్సీ చెప్పింది. పేరు మార్చినంత మాత్రాన బరువు తగ్గదు. రఘుపతి రూపాయి అడగలేదు. పాతది ఇచ్చి కొత్తది తీసుకోమన్నాడు, బదులుకు బదులు. అక్కడే నాకు పురుగు తొలిచింది. నా పాతదాంట్లో ఏముందని? అడిగాను. "కట్టంగూర్ కాడ రోడ్డు మీద కొత్త హోటల్ పెడ్తున్నరన్నా. ముందల షోకు పాత సామాన్లు కావాల్నట" అన్నాడు. పక్కనే ఉన్న భిక్షపతి ఊరుకుంటాడా. "మంచిగుంటది బావా. నోట్లె మట్టి పోసి మనీప్లాంటు పెడ్తరు. గిన్నేండ్లకు నీ బాసుల నుంచి ఏదన్న ఒకటి పచ్చగ ఎల్తది." అందరూ నవ్వారు. రఘుపతి కూడా నవ్వాడు. నవ్వే వ్యాపారి దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కొత్తదాన్ని పరీక్షించాను. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. అతుకుల మీద వేలు రాశాను. కొత్త టంకం గరుకుగా తగులుతుంది, దాచిన సొట్ట మీద పాలిషు మందంగా ఉంటుంది. ఏమీ తగల్లేదు. వాల్వు నొక్కకుండా దాని గొట్టం లాగి, అప్పుడు నొక్కాను. గాలి ఎక్కడా కారకపోతే 'టప్' మనాలి. అంది. నాలుగింటికి నాలుగూ అన్నాయి. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఏ లోపమూ కనబడని వస్తువంటే లోపం నాకు తెలియని చోట ఉందన్నమాట. మూతి వాసన చూశాను. మందు నీళ్ళతో కడిగిన వాసన. ఇంతకు ముందు ఎవరు ఊదారో చెప్పకుండా కడిగేశారు. ఎవరో ముసలివాడు అప్పు కింద వదులుకున్నదో, ఎవరి పెళ్ళామో చచ్చినవాడి సొమ్ము వద్దని ఇచ్చేసిందో. ఊదాను. గుండ్రంగా వచ్చింది శబ్దం, అడ్డం లేకుండా. నాలుగో వాల్వు ఎందుకో కూడా తెలుసుకున్నాను. పాతదాంట్లో కింది స్వరానికి మొదటిదీ మూడోదీ కలిపి నొక్కితే స్వరం పైకి తన్నుతుంది, పెదవి వదులు చేసి దించుకోవాలి. కొత్తదాంట్లో ఆ పని నాలుగోది ఒక్కటే చేస్తుంది. పెదవి చేసే పని ఇనుప స్ప్రింగు చేస్తుంది. అంటే నలభై ఏడేళ్ళు నా పెదవి నేర్చుకున్నది ఒక స్ప్రింగుకు సమానం.

మెర్సీ ఫోను బల్ల మీద, కొత్త బాసు పక్కన ఉంది. తాళం తీసి ఇచ్చింది. ఈ రోజుల్లో ఫోను ఎవరూ ఎవరికీ తాళం తీసి ఇవ్వరు. "మామా, గిది శ్రుతి చూసేది. ముల్లు నడుమ నిలవాలె. ఎడమకు పోతే కింద ఉన్నట్టు, కుడికి పోతే పైన ఉన్నట్టు. గంతే." చెప్పి మండలాఫీసులో మీటింగుందని పోబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "దాంట్ల అత్త పాట ఒకటున్నది మామా. రెండువేల పద్దెనిమిదిల కోయిర్ ప్రాక్టీసుకు తీసింది. నీకెప్పుడు ఇయ్యాల్నో తెల్వలే." అత్త అంటే సాలమ్మ. నా భార్య. చచ్చిపోయి మూడేళ్ళు. మూడేళ్ళు తెలియనిది ఇవాళే ఎందుకు తెలిసింది? నేను బాసు ఎంచుకోవాల్సిన గంటలోనే ఎందుకు తెలిసింది? పాట వింటే ముసలివాడి మనసు మెత్తబడుతుంది, సంతకం పెట్టమన్నచోట పెడతాడు, అని ఎవరో చెప్పి ఉంటారు. పంచాయతీ సెక్రటరీకి సంతకాలు పెట్టించడం ఇంకొకరు నేర్పాలా. పాట ముట్టుకోలేదు. ముల్లునే చూశాను. మొదట ముల్లు నిజం చెబుతుందో లేదో చూడాలి కదా. కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కాను. ముల్లు నడుమ నిలిచింది. కొత్త బాసుతో అదే స్వరం ఊదాను. కొంచెం ఊగి నడుమ నిలిచింది. ఇద్దరు కొత్తవాళ్ళకు మూడో కొత్తవాడు సాక్షి.

పాతదాన్ని తెచ్చాను. ఇత్తడి చేతులు కాలుతున్నంత వేడెక్కింది. ఊదాను. ముల్లు కుడికి పోయింది. పోవడం కాదు, విసిరినట్టు పోయి చివరంచున పడింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను దాన్ని ఎండలో ఎందుకు పెట్టానని. ఎందుకని ఎప్పుడూ అడగలేదు నన్ను నేను. బాపు పెట్టేవాడు, నేనూ పెడతాను. బాపు పేరు మల్లప్ప. బాసు కంటే ముందు డప్పు కొట్టాడు. మా వాడలో కాచకుండా డప్పు కొట్టరు. గడ్డిమంట వేసి, తోలు వాసన లేచేదాకా తిప్పి, వేలితో మీటితే ఖంగుమనాలి. అప్పుడే మెడకు వేసుకోవాలి. కాగనిది పలకదు అనేవాడు బాపు. సికింద్రాబాద్ మిలిటరీ పలటన్ బ్యాండు వాళ్ళు తీసేసిన బాసు ఆయనకు దొరికింది. రైల్లో ఆలేరు దాకా, అక్కడి నుంచి ఎవరి బండి దొరికితే ఆ బండి మీద, దొరకనప్పుడు భుజం మీద, రెండు రోజులు మోసుకొచ్చాడు. ఇత్తడిని మంట మీద పెడితే టంకం కరుగుతుంది. అందుకని ఎండలో పెట్టాడు. పెళ్ళికి పోయినా, సావుకు పోయినా, ముందు అరగంట బాసు ఎండలో కాగాలి. పెళ్ళివాళ్ళు తొందరపెట్టినా బాపు కదిలేవాడు కాదు. నేనూ కదల్లేదు. తోలు కాగితే బిగుస్తుంది, పలుకుతుంది. ఇత్తడి కాగితే లోపలి గాలి వేడెక్కి స్వరం పైకెక్కుతుంది. తోలుకు చేసిన సేవ ఇత్తడికి చేశాం, రెండు తరాలు. ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో. మేము వినే జాతి కాదు.

కుండలో నీళ్ళు తెచ్చి గొట్టాల మీద పోశాను. లోపల కూడా పోసి తిప్పి వంపాను. ఫ్యాను కింద పెట్టి పక్కనే కూర్చున్నాను, జ్వరమొచ్చిన మనిషి దగ్గర కూర్చున్నట్టు. చల్లారాక ఊదాను. ముల్లు కొంత వెనక్కు వచ్చింది. నడుమకు రాలేదు. బయటకు లాగే పెద్ద గొట్టాన్ని రెండు వేళ్ళ మందం లాగాను. ఇంకొంచెం వచ్చింది. ఇంకా లాగితే ఊడి చేతిలో పడుతుంది. పడకపోయినా లాభం లేదు. పెద్ద గొట్టం పొడుగైనా వాల్వుల గొట్టాలు పాత కొలతలోనే ఉంటాయి. ఒట్టి స్వరం కలిస్తే నొక్కిన స్వరం కలవదు. మొదటి వాల్వు ఒక దారి, మూడోది ఇంకో దారి. ఇదంతా పొద్దున రఘుపతి చెప్పాడు, నేను నమ్మలేదు. "గిది ఎత్తు శ్రుతి బాసన్నా. ఎనకటి పలటన్ బ్యాండులు ఇప్పటికన్న పైన వాయించేటియి. గప్పటి కొలత. నీదాంట్ల తప్పు లేదు, గప్పుడు గదే ఒప్పు." అమ్మేవాడు నా సరుకును మెచ్చుకున్నాడంటే అందులో ఏదో ఉంది అనుకున్నాను. ఏమీ లేదు. నిజమే చెప్పాడు. ఎండ పైకెక్కించింది కొంత, అది నా తప్పు. మిగిలింది దాని పుట్టుక.

అంటే క్రిస్మస్ నాడు తప్పింది నేనే. క్రిస్మస్ ఒక్కటేనా. పెళ్ళి బరాతుల్లో భిక్షపతి అనేవాడు, "బావా, మేమంత గల్లీల నడుస్తుంటే నువ్వొక్కనివి మిద్దెల మీద నడుస్తవేందే?" నేను "మీరే మోరీల దిగిన్రు" అనేవాణ్ణి. బ్యాండువాళ్ళు మా ఇద్దరి మాటలకు నవ్వి మళ్ళీ మొదలుపెట్టేవారు. డప్పులూ తాషాలూ మోగే చోట ఎవడికి తెలుస్తుంది శ్రుతి. బాపు కాలంలో అన్నీ ఆ పలటన్ సామాన్లే కాబట్టి అన్నీ కలిసే ఉండేవేమో. ఒక్కొక్కటే పాడైపోయింది, కొత్తవి వచ్చాయి, చివరికి నాదొక్కటే మిగిలింది. నేను మిగిలినందుకు గర్వపడ్డాను. అందరూ పోతుంటే నిలబడ్డవాడిదే నిజం అనుకున్నాను. క్రిస్మస్ తరవాత మెర్సీ ఒక మాటంది. "కీబోర్డును జర పైకి జరపొచ్చు మామా, దాంట్ల గా సౌలతున్నది. కని నాయిన క్లారినెట్టు జరగదు. పాడేటోళ్ళు జరగరు." దెప్పుతోందనుకున్నాను. అన్నం తినకుండా వాళ్ళింట్లోంచి లేచి వచ్చాను.

పాడేవాళ్ళు జరగరు. ఫోను మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను. పాట గుర్తు అక్కడే ఉంది, చిన్న త్రికోణం. నాకు భయమెందుకు? చచ్చినవాళ్ళ గొంతంటే భయం లేదు నాకు. సాలమ్మ దవాఖానలో పదకొండు రోజులుంది, పన్నెండో రోజు శవాన్ని తెచ్చుకున్నాం. కరోనా రోజులు, మట్టి దగ్గరకు నలుగురినే రానిచ్చారు. నేను బాసు, భిక్షపతి క్లారినెట్. అక్కను పంపుతూ వాయిస్తూ ఏడ్చాడు. నేను ఏడవలేదు. అతని స్వరం కింద పడుతోందని కళ్ళెర్రజేసి చూశాను. గోతి ఒడ్డున నిలబడి బామ్మర్దిని శ్రుతి తప్పావన్నట్టు చూశాను. అతను ఆ ఒక్కసారీ ఏమీ అనలేదు. నా భయం గొంతంటే కాదు. ముల్లంటే. ఇప్పుడు ముల్లు నిజం చెబుతుందని తేలిపోయింది. పాట పెడితే సాలమ్మ గొంతును కూడా అది తూకం వేస్తుంది. వేస్తే నేను ముప్పై ఏళ్ళు ఆమెను అన్న మాట నిలుస్తుందో పడుతుందో తెలిసిపోతుంది.

అన్న మాట ఒక్కటే. నీ గొంతు దిగిపోతాంది. పెళ్ళైన కొత్తలో వంట చేస్తూ పాడేది. నేను వసారాలో బాసు సాధన చేసేవాణ్ణి. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే నడుమ ఒక వణుకు పుడుతుంది, పంటి కింద రాయి లాగా. నాకు ఆ వణుకు పడదు. లోపలికి కేకేసేవాణ్ణి. "ఏమే, దిగిపోతున్నవు, పైకి రా." ఆమె అప్పట్లో ఊరుకునేది కాదు. "ఏడికి రావాలె పైకి? కూర మాడుతాంది గీడ. నీ బాజానే జర కిందికి దించు." "బాసు దిగదే, ఇత్తడిది." "నాది తోలా మరి?" అని గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. ఇంకో మూడేళ్ళకు గుమ్మంలోకి రావడం మానేసింది. ఇంకో పదేళ్ళకు జవాబు చెప్పడం మానేసింది. వణుకు కూడా మెల్లగా తగ్గింది. నేర్చుకుంది అనుకున్నాను. మొండిదాన్ని దారిలో పెట్టాను అనుకున్నాను. చర్చి కోయిర్‌లో ముందు వరసలో పాడేది. ఒకరోజు ప్రాక్టీసు నుంచి తొందరగా వచ్చింది. చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ, "కోయిర్ల వద్దన్నరు" అంది. ఎందుకన్నారో నేను అడగలేదు. నాకు తెలుసు కదా. "నేను చెప్తనే ఉన్న, గొంతు దిగిందని. ఇన్నవా?" అన్నాను. గింజలు తీస్తూనే ఉంది. తరవాత నాలుగు రోజులకు, పాస్టరయ్యా భిక్షపతీ కలిసి కావాలనే తీసేశారని అనుమానం తట్టింది నాకు. భిక్షపతితో ఏడాది మాట్లాడలేదు. అతను కారణం అడగలేదు. ఆమె కూడా ఇద్దరి మధ్యకు రాలేదు. ఇంట్లో పాడడం కూడా తగ్గిపోయింది. తగ్గిందని గమనించింది కూడా ఆమె పోయాకే.

నాలుగు దాటింది. త్రికోణం నొక్కాను.

ముందు కుర్చీల చప్పుడు. కీబోర్డు. నలుగురైదుగురు ఆడవాళ్ళ గొంతులు, వాటి పైన సాలమ్మ. పైన. గట్టిగా పాడడం కాదు, మిగతా గొంతులన్నీ ఒక గీత మీద ఉంటే ఆమె దానికి కొంచెం పైన ఉంది. వణుకు వినిపిస్తోంది, పంటి కింది రాయి. ఆపారు. పాస్టరయ్య గొంతు. "ఆగు సాలమ్మా. ఎప్పటి లెక్కనే పైకి పోతున్నవు. కీబోర్డు ఏడున్నది, నువ్వేడున్నవు?" ఎవరో నవ్వారు. భిక్షపతే. "మా అక్క ఎన్నడన్న కింద ఉన్నదా అయ్యగారూ." ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోయాను. "మా ఇంట్ల గిదే శ్రుతి అయ్యగారూ. నాకు గిదే అలవాటయింది." "ఇల్లు ఏరు, కోయిర్ ఏరు తల్లీ. జర కిందికి రా." మళ్ళీ మొదలుపెట్టారు. రెండు పంక్తులు కష్టపడి కలిపింది. మూడో పంక్తికి మళ్ళీ పైకి. ఆగిపోయింది. "వస్తలేదు అయ్యగారూ. కిందికి రానే వస్తలేదు ఇగ." తరవాత మెర్సీ గొంతు, అప్పటికి కాలేజీ పిల్ల. "అత్తా, కీబోర్డు బంద్ చేస్త. నువ్వు ఉత్తగ పాడు, నేను రికార్డు చేస్కుంట." సాలమ్మ ఒక్కతే పాడింది. కీర్తన మొత్తం. ఏ గొంతూ తోడు లేకుండా, దేనికీ జరగాల్సిన పని లేకుండా.

ముల్లు ఎక్కడ నిలిచేదో చూడాల్సిన పని లేదు. పాట మోగుతుంటే అదే ఫోను శ్రుతి చూపించదు, నా సొంతదేమో చిన్న మీటల ఫోను. ముల్లు అక్కర్లేదు. చల్లారిన పాత బాసు ఎత్తుకుని, లాగిన పెద్ద గొట్టాన్ని మళ్ళీ లోపలికి తోసి, ఆమె మొదటి పంక్తి మళ్ళీ పెట్టి, కింద మెల్లగా ఊదాను. కలిసింది. వెంట్రుకంత సందు లేదు. వణుకు లేదు. ఆమె ఎక్కడ దిగితే నేనక్కడ ఉన్నాను, ఎక్కడ ఎక్కితే అక్కడ. ఇంత బాగా ఎవరితోనూ ఎప్పుడూ కలవలేదు ఆ బాసు. చివరి దాకా ఊదాను. కళ్ళు మూసుకుని వింటే పెళ్ళై ముప్పై ఏళ్ళు కలిసి పాడుకున్న జంట అనుకుంటారు ఎవరైనా.

ఈ పాట వినకముందు ఒక్కటే లెక్క. పాతది ఉంచుకుంటే బ్యాండు పోతుంది, కొత్తది తీసుకుంటే బాపు పోతాడు. ఇప్పుడు బాపు సంగతి గుర్తే రావడం లేదు. లోకమంతా ఒక శ్రుతిలో ఉంది, కీబోర్డూ క్లారినెట్టూ కోయిరూ. నేనూ సాలమ్మా ఇంకో శ్రుతిలో ఉన్నాం. పాతది ఉంచుకోవచ్చు. ఆదివారం ముందు వరస కుర్చీలో కూర్చోవచ్చు. ఇంటికొచ్చి మెర్సీని అడిగి ఈ పాట వేయించుకుని, వసారాలో కూర్చుని రోజూ ఆమెతో కలిపి ఊదుకోవచ్చు. ఎవరు కాదంటారు? ముసలివాడి ముచ్చట అంటారు. బాగుంటుంది కూడా. బాగుంటుందనే నాకు అనుమానం. ఈ ఆలోచన ఎవరిది? నాదే. నా ఆలోచనల్ని ఒకసారి కూడా తనిఖీ చేయలేదు నేను. మిగతా అందరినీ చేశాను. ఆమె నా శ్రుతిలో ఉందంటే కలిసి ఉన్నామని కాదు. శ్రుతి నాది. తప్పుడు శ్రుతి. ఆమె దాన్ని మోసింది. క్లారినెట్ జరగదు, కోయిర్ జరగదు, ఊరు నా కోసం జరగదు. ఒక్కతే జరిగింది. జరిగి జరిగి, తిరిగి వెళ్ళలేనంత దూరం వచ్చేసింది. అక్కడ కోయిర్‌లో చోటు పోయింది. ఇంటికొచ్చి చెప్పిందా? చెప్పలేదు. నువ్వే పైన ఉన్నావయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నన్ను కాపాడిందని అనుకోవచ్చు. అలా అనుకుంటే నాకు సుఖం. కాదు. చెప్పినా వినడని తెలుసు కాబట్టి చెప్పలేదు. అప్పటికి నన్ను వదిలేసింది. గింజలు తీసుకుంటూ వదిలేసింది. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటూ గెలిచాననుకున్నాను.

ఆటో చప్పుడైంది. రఘుపతి దిగాడు. వెనక భిక్షపతి, మీటింగు అయిపోయినట్టుంది, మెర్సీ కూడా. ముగ్గురూ కలిసే వచ్చారు. పొద్దున ఐతే దీని మీద గంటసేపు ఆలోచించేవాణ్ణి.

"ఏమాయె గోపన్నా? ఏది ఎక్కియ్యాలె?"

"పాతది."

రఘుపతి నా ముఖం చూశాడు. బేరం ఇంత సులువుగా తెగడం అతనికి కూడా అనుమానంగానే ఉండాలి. "మల్ల మనసు మార్చుకుంటవేమో. సోమారం దాక ఆగుదునా?"

"ఎక్కియ్యమంటున్న గద."

"బావా, నేనన్నది మనసుల పెట్టుకున్నవా?" అన్నాడు భిక్షపతి. "పరాచికానికన్న. హోటలోళ్ళకు వద్దంటే నా ఇంట్ల పెట్టుకుంట. మా అక్క ఇంటి సామాను."

"మీ అక్కది కాదది. తీస్కపోనియ్."

నేనే ఎత్తి ఆటో వెనక పెట్టాను. గోనెసంచి కింద వేసి, తాడు రెండు చుట్లు తిప్పి, ముడి నేనే బిగించాను. వాళ్ళు కడితే ఊడిపోతుంది. రఘుపతి ఏదో మంచిమాట అన్నాడు, వినలేదు. ఆటో చౌరస్తా వైపు తిరిగింది. నేను లోపలికొచ్చి కొత్తది ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. మెర్సీ అడగకుండానే కీబోర్డు ముందు కూర్చుంది. భిక్షపతి క్లారినెట్ పెట్టె విప్పాడు. ఆదివారం పాట మొదలుపెట్టాం. కలిసింది. మొదటి పంక్తి నుంచే కలిసింది. భిక్షపతి కనుబొమ్మలు ఎత్తాడు. మెర్సీ తల తిప్పి చూడలేదు. శ్రుతిలో ఉన్నవాణ్ణి ఎవరూ తిరిగి చూడరు. పాట అయిపోయాక, "గింతే గదా బావా, ఇన్నేండ్లు సతాయించినవు" అన్నాడు భిక్షపతి. గొంతులో ఎగతాళి లేదు. ఉందేమోనని వెతికాను. లేదు.

"మెర్సీ, అత్త పాట పెట్టు" అన్నాను. "ఉత్తగ పాడింది."

"ఇప్పుడా మామా?"

"పెట్టు."

పెట్టింది. అక్క గొంతు వినగానే భిక్షపతి క్లారినెట్ పక్కన పెట్టేశాడు. నేను కొత్త బాసు ఎత్తి, మొదటి పంక్తి దగ్గర అందుకున్నాను. వణుకు వెంటనే వచ్చింది. ఆపి, పెద్ద గొట్టాన్ని పూర్తిగా లోపలికి తోశాను. ఇక తోయడానికి చోటు లేదు. మళ్ళీ ఊదాను. పెదవి బిగించాను, దవడ బిగించాను, మెడ నరాలు లేచేదాకా బిగించాను. ముల్లు చూడలేదు. ఆమె పైన ఉంది. నేను కింద ఉన్నాను. ఎంత ఊదినా కిందే ఉన్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను, ఆ ఇంకొంచెం ఇత్తడిలో లేదు, నా ఊపిరిలో లేదు. భిక్షపతి ఏదో అనబోయాడు. మెర్సీ పాట ఆపడానికి చేయి చాపింది. వద్దని తల ఊపాను. ఊపిరి తీసుకుని రెండో పంక్తి అందుకున్నాను.